గిటారు తీగలన్నీ ఒకేసారి విప్పితే నెక్ వంగిపోతుందా?

కొత్తచేయి: నాది యమహా ఎఫ్310. మాది విశాఖ, ఉప్పుగాలికి తీగలు తుప్పు పట్టాయి. అన్నీ విప్పి, ఫ్రెట్‌బోర్డు తుడిచి కొత్తవి వేద్దామనుకుంటే, మాస్టారు ఒక్కొక్కటే మార్చాలంటున్నారు. అన్నీ తీస్తే నెక్ (తీగలు నొక్కే పొడవాటి చెక్క) వంగుతుందట. నిజమేనా?

షడ్జమం: మీ మాస్టారి మాట వినండి. 12-53 సెట్టు (అంగుళంలో వెయ్యో వంతుల్లో సన్న, లావు తీగల మందం) శ్రుతిలో ఉంటే ఆరు తీగలూ కలిసి దాదాపు 70 కిలోల బలంతో లాగుతుంటాయి. ఏళ్ల తరబడి దానికి అలవాటుపడ్డ చెక్క, పట్టు ఒక్కసారిగా వదిలేస్తే ఊరుకుంటుందా?

రోజ్‌వుడ్: ఊరుకుంటుంది. నెక్ కాస్త వెనక్కి జరుగుతుంది, శ్రుతి చేయగానే మళ్లీ యథాస్థానానికి వస్తుంది. నెక్ మీది లోహపు పట్టీలు, అంటే ఫ్రెట్లు మార్చేవాళ్లు రోజుల తరబడి తీగల్లేకుండానే బల్లమీద ఉంచుతారు. మరి ఆ నెక్‌లు ఏమైపోవాలి? పైగా తీగలుండగా ఫ్రెట్ల పక్కన పేరుకున్న జిడ్డు గుడ్డకు అందదు.

షడ్జమం: మా శిష్యుడొకడు మాండొలిన్ తీగలన్నీ విప్పాడు, తీగలు ఆనే బ్రిడ్జే ఊడి చేతిలోకి వచ్చింది. దానికేమంటారు?

రోజ్‌వుడ్: అది మాండొలిన్. అక్కడ బ్రిడ్జిని నిలబెట్టేదే తీగల ఒత్తిడి. అడిగిన గిటారుకు బ్రిడ్జి జిగురుతో అతికించి ఉంటుంది.

రాగమాలిక: ఏదైనా సరే, ముందు వదులు చేసి కత్తిరించండి. బిగువు మీద కత్తెర పెడితే కొస ముఖానికి తగులుతుంది.

తబలా_బాబు: కత్తెర పనికిరాదు, కటింగ్ ప్లేయర్ కావాలి.

రాగమాలిక: నేను చెప్పింది కత్తెర గురించి కాదండీ.

షడ్జమం: రోజ్‌వుడ్ గారూ, ఎవరో పెట్టిన వీడియో చూసి మాట్లాడటం వేరు, పదిమందికి నేర్పడం వేరు.

రోజ్‌వుడ్: నేర్పారా? నేను వెళ్లిన క్లాసులో తీగ తెగితే గిటారు మాస్టారి చేతికే ఇవ్వాలి. తీగలకు ఒక డబ్బు, బిగించినందుకు ఇంకో డబ్బు. తీగను బ్రిడ్జిలో పట్టి ఉంచే పిన్ను ముట్టుకుంటే ‘నెక్ పోతుంది’ అనేవారు. పిన్ను పీకడం ఎంత తేలికో తెలిసిపోతే ఆ డబ్బు రాదు కదా!

షడ్జమం: అలా చెప్పండి, ఇంతసేపూ మీ గొడవ నెక్ గురించి కాదన్నమాట. నేను బిగించినందుకు పైసా తీసుకోను. నైలాన్ గిటారుకు ఉక్కు తీగలు బిగించి, బ్రిడ్జి లేచిపోయాక పిల్లలు నా దగ్గరకే తెస్తారు. తల్లిదండ్రులు నిలదీసేది నన్ను. అందుకే నా కళ్లముందు మార్చమంటాను.

రోజ్‌వుడ్: కళ్లముందు మార్చనివ్వడం మంచిదే. భయపెట్టడం ఎందుకు?

కొత్తచేయి: మీరు మాట్లాడుకుంటుండగానే అన్నీ విప్పి తుడిచేశాను. నెక్ బాగానే ఉంది. కానీ సన్న తీగ శ్రుతికి వస్తుండగానే పిన్ను పైకి లేస్తోంది.

రోజ్‌వుడ్: తీగ చివరి గుండు పిన్ను మొన కింద ఆగినట్టుంది. పిన్ను గాడి సౌండ్‌హోల్ (గిటారు పైపలక మీది పెద్ద రంధ్రం) వైపు ఉండాలి. గుండు దగ్గర తీగను కొంచెం వంచి లోపలికి దింపి, పిన్ను నొక్కిపట్టి తీగను పైకి లాగండి. గుండు పక్కకు జరిగి లోపలి చెక్కకు ఆనుకుంటుంది. ఆ తర్వాతే బిగించండి.

షడ్జమం: పిన్నులు కలిపేసి ఉంటారు. ఏ రంధ్రంలోది ఏ పిన్నో ఇప్పుడెవరు చెబుతారు? ఒక్కొక్కటే మార్చమన్నది అందుకే.

రోజ్‌వుడ్: పొద్దున నెక్ అన్నారు.