బాల నిర్బంధ కేంద్రాలను సరిచేయాలంటే ముందు ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్త_డైరెక్టర్:

నమస్కారం అండి. ఐదు బాల నిర్బంధ కేంద్రాలు నడిపే సంస్థకు పదకొండు వారాల క్రితం డైరెక్టర్‌గా వచ్చాను. నాలుగేళ్లలో ఈ కుర్చీలోకి వచ్చిన ఐదో మనిషిని. పిల్లల భద్రత కోసం ఊరు పేరు రాయడం లేదు.

మూడో వారంలో ఎవరికీ చెప్పకుండా రాత్రి రెండింటికి ఒక కేంద్రానికి వెళ్లాను. ఒంటరి గదిలో పెట్టిన పిల్లవాడిని పదిహేను నిమిషాలకోసారి చూడాలి. తలుపు పక్కన వేలాడే కాగితం మీద టైం వేసి సంతకం పెట్టాలి. నేను వెళ్లేసరికి ఉదయం ఆరు గంటల దాకా సంతకాలన్నీ అయిపోయి ఉన్నాయి. లోపల పదిహేనేళ్ల కుర్రాడు గోడకి ఆనుకుని మేలుకునే ఉన్నాడు. నన్ను చూసి, "ఇప్పుడు రాత్రేనా?" అని అడిగాడు.

సంతకాలు పెట్టిన గార్డుకి అది పద్నాలుగో గంట డ్యూటీ. అరవై మంది సిబ్బంది ఉండాల్సిన చోట ముప్పై తొమ్మిది మందే ఉన్నారు. "రెండు వింగులకూ నేనొక్కణ్ణే మేడం. ఏది వదిలెయ్యమంటారో మీరే చెప్పండి" అన్నాడు. నాకు జవాబు దొరకలేదు.

ఆ గదుల వాడకం ఒక్క ఆర్డరుతో ఆపేయాలని ఉంది. సీనియర్ సూపర్‌వైజర్లేమో "మా వాళ్లు దెబ్బలు తింటారు, సగం మంది సెలవు పెడతారు, కేంద్రం మూతపడుతుంది" అంటున్నారు. పైవాళ్లు "పేపర్లో రాకుండా చూసుకోండి" అని తప్ప ఇంకేం చెప్పరు. సిబ్బందిని నావైపు తిప్పుకున్నాక గదులు ఆపాలా, ఆపేశాక వాళ్లను తిప్పుకోవాలా? ఆ సంతకాల మనిషిని ఏం చేయాలి? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఇలాంటి చోట పనిచేసినవాళ్లు ఉంటే చెప్పండి.

పాత_వార్డెన్:

ఇలాంటి కేంద్రంలోనే పంతొమ్మిదేళ్లు చేసి రిటైరయ్యాను. నేను చూసిన డైరెక్టర్లు ఏడుగురు. ఆరుగురు మమ్మల్ని హాల్లో కూర్చోబెట్టి స్క్రీన్ మీద బాణం గుర్తులు చూపించి వెళ్లిపోయారు. మేం తలూపేవాళ్లం. మనసులో మాత్రం అందరిదీ ఒకటే మాట: మీరు పోతారు, మేం ఉంటాం.

ఒక్కావిడే వేరు. మొదటి నెలంతా షిఫ్టు మారే టైంకి వచ్చి గోడ పక్కన నిలబడి వినేది. మా వాకీటాకీల్లో సగం ఛార్జింగ్ నిలబడేవి కావు. లోపల గొడవైతే పిలవడానికి దారి ఉండేది కాదు. మాలో చాలామంది పిల్లల మీద ముందే చెయ్యి చేసుకోవడానికి ఆ భయమే కారణం. ఆవిడ పది రోజుల్లో కొత్తవి తెప్పించింది. ఆ తర్వాతే మేం ఆవిడ మాట వినడం మొదలుపెట్టాం.

ఇంకో పని చేసింది. ఏడాది గొడవలన్నీ గంటలవారీగా రాయించింది. మేమంతా రాత్రిపూట ఎక్కువ అనుకునేవాళ్లం. లెక్క తీస్తే బడి అయిపోయినప్పటి నుంచి రాత్రి భోజనం దాకా, ఆదివారాలు పొద్దంతా, ఇంకా ఇంటికి ఫోన్ కలవని రోజుల్లో. పిల్లలకు చేయడానికేమీ లేని గంటలవి. మా షిఫ్టు మారేదీ అప్పుడే, అంటే హాల్లో మనిషి కనబడని టైం. ఆవిడ షిఫ్టు మార్పును గంట ముందుకి జరిపి, ఆటలకూ వర్క్‌షాపుకూ మనుషుల్ని పెట్టింది. పిల్లల్ని ఒంటరి గదిలో పెట్టాల్సిన అవసరమే తగ్గుతూ వచ్చింది.

సంతకాల సంగతి. తప్పు తప్పే. ఆ పదిహేను నిమిషాల్లో పిల్లవాడు ఉరేసుకుంటే ఆ కాగితం ఎవర్ని బతికిస్తుంది? కానీ పద్నాలుగు గంటలు నిలబెట్టి తప్పుడు సంతకం పెట్టేలా చేసినవాళ్లు ఆఫీసులో ఉన్నారు. అతనికి మెమో ఇవ్వండి, డబుల్ షిఫ్టులు వేస్తున్నవాళ్లనూ అడగండి. పిల్లల్ని కొట్టినవాడు, కొట్టింది చూసి దాచినవాడు ఉంటే మాత్రం ఆ రోజే లోపలికి రానివ్వకండి. ఈ రెండు రకాలనూ ఒకే గాట కట్టేస్తే మంచివాళ్లు కూడా నోరు మూసుకుంటారు.

చట్టం_చదివినమ్మాయి:

వార్డెన్ గారి అనుభవానికి దణ్ణం పెడుతూనే ఒక్క దగ్గర ఒప్పుకోలేను. సిబ్బంది నమ్మకం కుదిరేదాకా పిల్లలు ఆ గదుల్లో ఉండాలా? 1990 నాటి ఐక్యరాజ్యసమితి నియమాలే పిల్లలకు ఒంటరి నిర్బంధం శిక్షగా వేయకూడదని చెబుతున్నాయి. దీన్ని బేరంలో పెట్టకండి మేడం.

అమెరికాలో మసాచుసెట్స్ కథ చూడండి. 1969లో జెరోమ్ మిల్లర్ అక్కడ బాల నేరస్థుల సంస్థలు నడిపే యువజన సేవల శాఖకు అధిపతిగా వచ్చారు. మొదట ఉన్న సంస్థలనే లోపలి నుంచి మానవీయంగా మార్చాలని చూశారు. సిబ్బంది అడుగడుగునా అడ్డుపడ్డారు. చివరికి 1970ల మొదట్లో, శిక్షణ పాఠశాలలని పిలిచే ఆ పెద్ద సంస్థలనే మూసి, పిల్లల్ని సమాజంలోని చిన్న చిన్న ఏర్పాట్లకు పంపారు. అందులో 1848లో మొదలైన లైమన్ స్కూల్ కూడా ఉంది. 1973కల్లా ఆయన వెళ్లిపోయారు. కానీ పాత సంస్థలు అప్పటికే మూతపడ్డాయి కాబట్టి మార్పు నిలబడింది.

అక్కడే మిస్సోరి రాష్ట్రానిది నిదానం దారి. బూన్‌విల్‌లో ఉన్న పెద్ద కేంద్రాన్ని 1983లో మూసేసి, పది పన్నెండు మంది పిల్లల గుంపులతో, ఎప్పుడూ అదే సిబ్బందితో చిన్న కేంద్రాలు నడిపారు. అక్కడ మార్క్ స్టీవర్డ్ పదిహేనేళ్లకు పైగా డైరెక్టర్‌గా కొనసాగారు. మీ దగ్గర నాలుగేళ్లకు ఐదుగురు!

టెక్సాస్ సంగతి మీ పైవాళ్లకు చెప్పండి. ఒక కేంద్రంలో పిల్లల మీద లైంగిక దాడులకు 2005లోనే దర్యాప్తు అధికారి ఆధారాలు ఇచ్చారు. 2007లో పత్రికల్లో వచ్చేదాకా కేసు కదల్లేదు. వచ్చాక ఆ కేంద్రాలు నడిపే రాష్ట్ర సంస్థ బోర్డు మొత్తం పోయింది. పన్నెండు మంది పిల్లలకు ఒక ఉద్యోగి, 300 గంటల శిక్షణ, స్వతంత్ర అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు విచారించే బయటి అధికారి) అంటూ చట్టమే మార్చారు. చిన్న నేరాలకు పిల్లల్ని అక్కడికి పంపడం ఆపేశారు. 2011లో ఆ సంస్థే లేకుండా పోయింది. పేపర్లో రాకుండా దాచడం ఎవర్నీ కాపాడలేదు.

చిన్న నేరాల మాట మళ్లీ చదవండి. మీకు మనుషులు తక్కువ. లోపల ఉండనక్కర్లేని పిల్లలు ఎంతమంది? జడ్జీలతో కూర్చుని వాళ్లను ఇంటికో సంరక్షణకో పంపగలిగితే ఒక కేంద్రం మూసి, ఆ సిబ్బందిని మిగతా నాలుగింటికీ పంచవచ్చు.

లోపలున్నవాడు:

నేను పదహారేళ్లప్పుడు ఏడు నెలలు ఉన్నాను. ఫిర్యాదుల పెట్టె సూపర్‌వైజర్ టేబుల్ పక్కనే ఉండేది, తాళం ఆయన దగ్గరే. ఎవడు వేస్తాడు అందులో? తాళాలు బయటివాళ్లకు ఇవ్వండి. పిల్లవాడు ఫిర్యాదు చేశాక ఎవరో ఒకరు మళ్లీ వచ్చి ఏమైందో అతనికి చెప్పాలి. నాకు ఎవరూ చెప్పలేదు.

ఆ గదిలో టైం తెలియదు. అన్నిటికంటే అదే ఎక్కువ పిచ్చెక్కిస్తుంది. గదులు పూర్తిగా ఆపేలోపు కనబడేలా ఒక గడియారమైనా పెట్టించండి.

కొత్త_డైరెక్టర్:

మూడుసార్లు చదివాను. ఆ కుర్రాడు "ఇప్పుడు రాత్రేనా" అని ఎందుకడిగాడో ఇప్పుడు అర్థమైంది. రేపే గడియారాలు పెట్టిస్తున్నాను.

శిక్షగా గదిలో పెట్టడం ఈ సోమవారం నుంచి రద్దు. ఒకరి మీద ఒకరు పడుతున్న క్షణంలో విడదీయాల్సి వస్తే మాత్రం, గంట దాటితే రాత్రైనా నాకు ఫోన్ చేసి చెప్పాలి. నా నంబరు ప్రతి వింగు గోడ మీదా ఉంటుంది. ఫిర్యాదుల పెట్టె తాళాలు జిల్లా న్యాయ సహాయం లాయర్లకు ఇస్తున్నాను. సంతకాల గార్డుకి మెమో, డ్యూటీ చార్టు వేసే అధికారికి నోటీసు, రెండూ ఒకేరోజు వెళ్తాయి. లోపలున్న పిల్లల కేసులు ఒక్కొక్కటీ తీసి చూస్తున్నాం. ఇప్పటికి నలభై చూశాం. పదకొండు మంది బెయిల్ వచ్చినా తీసుకెళ్లేవాళ్లు లేకే ఉండిపోయారు.

వార్డెన్ గారూ, గంటలవారీ లెక్క తీయించారన్నారు కదా, ఆ కాగితంలో ఏమేం రాసేవాళ్లు? గొడవకు ముందు ఆ పిల్లవాడికి ఫోన్ కలిసిందో లేదో కూడా రాసేవాళ్లా? గుర్తున్నంతవరకు చెప్పండి, రేపు షిఫ్టు మారే టైంకి పట్టుకెళ్తాను.