శిమిలిగూడలో దిగితే నడవడానికి ఏమైనా ఉందా?

గోపాలపట్నం_అబ్బాయి:
డిసెంబర్‌లో నాన్నగారిని విశాఖ నుంచి అరకు మీదుగా వెళ్లే కిరండూల్ పాసింజర్ ఎక్కిద్దామని ఉంది. 68 ఏళ్లు, బొర్రా గుహల మెట్లు మోకాళ్లకి పడవు. అరకుకి ముందొచ్చే శిమిలిగూడలో దిగి కాస్త తిరిగి రావొచ్చా?

కొండగాలి:
చిన్న స్టేషనండీ. తిండికి దాన్ని నమ్ముకోవద్దు, అరకే నయం.

చోడంబలి:
తప్పకుండా దించండి. మా నాన్న ఈ లైన్లోనే గ్యాంగ్‌మన్‌గా, అంటే పట్టాల మరమ్మతు పనిలో, చేశారు. సెలవులొస్తే ఆయన వెనకాలే తిరిగేవాణ్ణి.

1960లలో ఛత్తీస్‌గఢ్ వైపు బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కి పంపడానికి వేసిన లైనిది. 58 సొరంగాలు. బొడ్డవర దాటాక ఎక్కుడు మొదలై, సుమారు 996 మీటర్ల ఎత్తులో ఉన్న శిమిలిగూడ దాకా కొండలే. దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిటికంటే ఎత్తైనదని చెప్పుకునేవాళ్లం. కాశ్మీర్ లోయలో రైలు వచ్చాక ఆ పేరు పోయింది. నాకైతే ఇప్పటికీ ఇదే గొప్ప.

దిగగానే బయల్దేరకండి, బెంచీ మీద కూర్చోండి. లోడు గూడ్సు వస్తుంటే ముందు కాళ్ల కింద నేల అదురుతుంది, చప్పుడు తర్వాత. వ్యాగన్ల అంచున ఎర్రదుమ్ము పేరుకుని ఉంటుంది. మా నాన్న చొక్కా ఎన్ని ఉతుకులు ఉతికినా అమ్మకి వదలని ఎరుపు అదే.

తర్వాత ఊరివైపు మట్టిదారి పట్టండి. వలిసెపూలు (నూనెగింజల పంట, పసుపు పూలు) డిసెంబర్ మొదట్లో అయితే ఇంకా ఉంటాయి, నెలాఖరుకి కోసేస్తారు. సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ మానుల మీదే మిరియాల తీగ. తోటవాళ్లని అడిగి ఒక ఎర్రపండు నోట్లో వేసుకోండి, తొక్క తియ్యగా జిగురుగా ఉంటుంది. పెద్దాయనకి గంట నడక చాలు.

పట్టాల మీద మాత్రం ఒక్క అడుగు వెయ్యొద్దు, ఫొటోకైనా సరే. మలుపు అవతల బండి కనపడదు. సొరంగంలో పక్కకి తప్పుకునే చోటు ఎక్కడుందో తెలిసినవాళ్లే భయపడేవాళ్లు.

గోపాలపట్నం_అబ్బాయి:
చాలా థాంక్సండీ. తిరుగు బండి సంగతి?

చోడంబలి:
సాయంత్రం కిరండూల్ నుంచి వచ్చే పాసింజరే. తరచూ లేటు, కాబట్టి స్వెట్టరు, ఫ్లాస్కులో టీ, పులిహోర పెట్టుకోండి. దిగగానే స్టేషన్ మాస్టారుని అడగండి, బండి ఎక్కడిదాకా వచ్చిందో చెప్తారు.