తయారీ 2017, రిజిస్ట్రేషన్ 2018. ఏ సంవత్సరం బండి కింద లెక్కగట్టాలి?

కొత్తబండి_భీమారం:
అందరికీ నమస్కారం. సెకండ్ హ్యాండ్‌లో ఒక పెట్రోల్ కారు చూశాను. టీఎస్ 03 నంబరు. ఆర్‌సీ ఫోటో వాట్సాప్‌లో పంపించారు. తయారీ నెల, సంవత్సరం దగ్గర 11/2017 అని ఉంది. రిజిస్ట్రేషన్ అయింది మాత్రం 2018 మార్చిలో. అమ్మేవాళ్లు 2018 రేటు చెప్తున్నారు. 2017 కింద లెక్కేస్తే ఇరవై వేలు తగ్గాలని మా బావ అంటున్నాడు. ఎవరి మాట పట్టుకోవాలి? ఇంకో సంగతి, ట్యాక్స్ దగ్గర ఎల్‌టీటీ అని, క్లాస్ దగ్గర ఎల్‌ఎంవీ అని, చివర్లో హైపోథికేషన్ అని ఒక బ్యాంకు పేరు ఉన్నాయి. ఇవేంటో కూడా చెప్పండి. మా ఇంట్లో ఇదే మొదటి కారు, టెన్షన్‌గా ఉంది.

కాజీపేట72:
టెన్షన్ ఎందుకు తమ్మీ. ఎల్‌టీటీ అంటే లైఫ్ ట్యాక్స్ కట్టేశారని. ఎల్‌ఎంవీ అంటే లైట్ మోటార్ వెహికిల్, మామూలు కారు. ఇక సంవత్సరం సంగతి. రిజిస్ట్రేషన్ తేదీయే లెక్క. సొంత బండికి ఆర్‌సీ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ 15 ఏళ్లు మొదలయ్యేది రిజిస్ట్రేషన్ నుంచే, ఫ్యాక్టరీ నుంచి కాదు. నీ బండికి 2033 మార్చి దాకా ఉంది. ఆ తర్వాత మళ్లీ ఐదేళ్లకు రెన్యువల్ చేయించుకోవచ్చు. షోరూం యార్డులో నిలబడిన నాలుగు నెలలు అది ఎవరూ నడపలేదు. నడపని బండి పాతదెట్లా అవుతుంది? 2018 రేటే న్యాయం.

ఓరుగల్లు వాసి:
రిజిస్ట్రేషనే అన్నా. మా ఏరియాలో అందరూ అట్లనే కొంటారు.

హంటర్‌రోడ్_సార్:
అందరూ అట్లా కొంటే అది సరైనదైపోతుందా? బండి వయసు మొదలయ్యేది తయారైన రోజు నుంచి. రబ్బరు, బ్యాటరీ, పైపులు, సీళ్లు అన్నీ నవంబరు 2017 నుంచే పాతబడుతున్నాయి. ఎండలో యార్డులో నిలబడితే ఇంకా తొందరగా పాడవుతాయి. ఇన్సూరెన్స్ పాలసీ తీసి చూడండి, తయారీ సంవత్సరం అని ప్రత్యేకంగా ఒక గడి ఉంటుంది. ఊరికే పెట్టలేదు కదా. బాబూ, మీ బావ చెప్పిందే రైటు. ఇరవై వేలు తగ్గించమని గట్టిగా అడగండి.

పరకాల మెకానిక్:
ముందు ఆ 11/2017 అయినా నిజమో కాదో చూసుకో తమ్మీ. ఆర్‌సీలో చాసిస్ నంబరు ఉంటది, 17 అక్షరాలు, అంకెలు. మన దేశంలో చాలా కంపెనీల బండ్లకు పదో అక్షరం సంవత్సరం చెప్తది. 2016కి జి, 2017కి హెచ్, 2018కి జె. మధ్యలో ఐ ఉండదు, ఒకటి అంకె అనుకుంటారని దాన్ని వాడరు. ఓ, క్యూ కూడా చాసిస్ నంబరులో ఎక్కడా రావు. కాబట్టి ఓ లాగా కనపడేది ఏదైనా సున్నానే. ఆన్‌లైన్‌లో నంబరు కొట్టేటప్పుడు సగం మంది అక్కడే తప్పు పోతరు.
నెల కోడ్ మాత్రం కంపెనీని బట్టి మారుతది, దాని జోలికి పోకు.
ఫోటో నమ్మకు. బండి దగ్గరికి పోయి బానెట్ లేపి, లేదా ముందు సీటు కింద కార్పెట్ తీసి, చాసిస్ నంబరు కొట్టిన చోటు చూడు. దాని మీద పల్చటి తెల్ల కాగితం పెట్టి పెన్సిల్ అడ్డంగా పట్టి రుద్దితే అచ్చు పడుతది. ఆ అచ్చును ఆర్‌సీతో అక్షరం అక్షరం కలుపు. అక్షరాల చుట్టూ రేకు గీరినట్టు, మళ్లీ పెయింట్ వేసినట్టు ఉంటే బేరమే వద్దు. ఇంజిన్ నంబరు కూడా అట్లనే కలుపు.

కొత్తబండి_భీమారం:
అన్నా, ఫోటోలో పదోది హెచ్ అనే ఉంది. రేపు పోయి పెన్సిల్‌తో కూడా చూస్తా.

కాజీపేట72:
హెచ్ అయితే ఏమైతది? అది 2017లో తయారైందని ఎవరు కాదన్నారు? నేను రేటు గురించి మాట్లాడుతున్నా. కంపెనీలు డిసెంబరులో తయారైన బండి జనవరిలో అమ్మడం కొత్తా? సంవత్సరం మారిందని షోరూం వాళ్లు కొంత డిస్కౌంట్ ఇస్తరు, అంతే. అది కూడా మొదటి ఓనర్‌కు పోయింది. ఎనిమిదో ఏట అమ్మేటప్పుడు ఆ నాలుగు నెలలు పట్టుకుని వేలాడటం దండగ.

హంటర్‌రోడ్_సార్:
మీరే ఒప్పుకున్నారు. షోరూం వాళ్లు డిస్కౌంట్ ఎందుకిచ్చారు? బండి పాతదని వాళ్లకే తెలుసు కాబట్టి. మొదటి ఓనర్‌కు తగ్గింపు దక్కింది, రెండో ఆయన మాత్రం పూర్తి రేటు పెట్టాలా?

కాజీపేట72:
సార్, మీరు బండ్లు కొని అమ్మి చూడండి, తర్వాత చెప్పండి.

మానుకోట నుంచి:
మధ్యలో ఒక డౌట్. నాది టీఎస్ 26. ఇప్పుడు అందరికీ టీజీ వస్తోంది కదా, ఆర్‌సీ మార్పించుకోవాలా?

జ్యోతి_జమ్మికుంట:
అక్కర్లేదండీ. 2024 మార్చి 15 నుంచి కొత్తగా రిజిస్టర్ అయ్యే బండ్లకే టీజీ. పాత టీఎస్ నంబర్లు, అంతకుముందు వరంగల్ జిల్లాకు ఉన్న ఏపీ 36 నంబర్లు కూడా అలాగే చెల్లుతాయి.
భీమారం తమ్ముడూ, నేను బ్యాంకులో వాహన లోన్ల సీటు చూస్తాను. పొద్దున్నుంచి చదువుతున్నా, అందరూ సంవత్సరం మీదే పడ్డారు. మీరు అడిగిన వాటిలో అసలు భయపడాల్సిన గడికి ఒక్కరూ జవాబు చెప్పలేదు. హైపోథికేషన్ దగ్గర బ్యాంకు పేరు ఉందంటే, ఆ బండి మీద లోన్ ఉంది, లేదా లోన్ తీరినా ఎంట్రీ తీయించలేదు. లోన్ తీరగానే ఆ పేరు దానంతట అది పోదు. అభ్యంతరం లేదని బ్యాంకు ఎన్‌ఓసీ ఇవ్వాలి, ఫారం 35 మీద బ్యాంకు, ఓనర్ ఇద్దరూ సంతకం పెట్టాలి, అది ఆర్‌టీఏలో ఇస్తేనే ఎంట్రీ తీస్తారు. అది కాకుండా మీ పేరు మీదకు మారడం కష్టం. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చివరి ఈఎంఐ కట్టి ఇంటికి పోతారు, ఎన్‌ఓసీ అడగరు. బండి అమ్మే రోజు పరిగెత్తుకుంటూ వస్తారు.
ఒకటి చెప్పండి. ఆర్‌సీలో ఉన్న పేరు, మీకు అమ్ముతున్న మనిషి పేరు ఒకటేనా?

కొత్తబండి_భీమారం:
కాదు అక్కా. ఆర్‌సీలో ఉన్నాయన నయీంనగర్‌లో ఉంటాడట, నేను చూడలేదు. ఆయన దగ్గర ఇంకొకాయన కొన్నాడు, ఆ రెండో ఆయన పాత బండ్లు అమ్మిపెట్టే కన్సల్టెన్సీలో పెట్టాడు. ఓనర్ పేరు మార్చడానికి ఇచ్చే ఫారం 29, 30 మీద మొదటి ఓనర్ సంతకాలు ఉన్నాయని కన్సల్టెన్సీ ఆయన చూపించాడు. మిగతాదంతా ఖాళీ. "నీ పేరు, తేదీ రాసుకోవడమే, సింగిల్ ఓనర్ బండి" అన్నాడు.

హంటర్‌రోడ్_సార్:
ఇప్పుడు అర్థమైంది. బాబూ, అక్కడినుంచి లేచి రండి.
నా సంగతి చెప్తాను. నా పాత కారు ఇలాగే ఒక కన్సల్టెన్సీకి అమ్మాను. ఫారాల మీద సంతకాలు పెట్టించుకున్నారు, తేదీ రాయనివ్వలేదు, "మేం చూసుకుంటాం సార్" అన్నారు. బండి ఎవరికి పోయిందో ఈ రోజుకీ నాకు తెలియదు. చలాన్లు మాత్రం నా ఫోన్‌కు వస్తాయి, రాజీవ్ రహదారి మీద ఓవర్ స్పీడ్ అని, కరీంనగర్‌లో సిగ్నల్ జంప్ అని. అంతటితో ఆగలేదు. కొత్త కారు కొనడానికి పోతే నా పేరు మీద ఇంకో కారు ఉందన్నారు. మన రాష్ట్రంలో రెండో కారుకు లైఫ్ ట్యాక్స్ రెండు శాతం ఎక్కువ. తొమ్మిది లక్షల బండికి పద్దెనిమిది వేలు కట్టాను. నా దగ్గర లేని కారు కోసం!
కాజీపేట గారూ, మీరు కూడా అదే వ్యాపారం అని మీ మాటల్లోనే తెలుస్తోంది. సంవత్సరం గురించి ఇంత గట్టిగా వాదించారు, పేరు గురించి ఒక్క మాట అడగలేదు. మీలాంటి వాళ్ల వల్లే ఇదంతా.

కాజీపేట72:
అవును, నాది అదే వ్యాపారం. దాచుకునేది ఏముంది? మా నాన్న కాలం నుంచి చేస్తున్నాం, ఎవరి పైసలూ తినలేదు. మీకు ఎవరో చేసినదానికి నన్నెందుకు అంటారు?
చట్టం మీకు కూడా ఉంది సార్. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 ప్రకారం అమ్మినాయన 14 రోజుల్లో ఆర్‌టీఏకు తెలపాలి, కొన్నాయన 30 రోజుల్లో దరఖాస్తు పెట్టుకోవాలి. ఫారం 29 అమ్మినాయన ఇచ్చేదే. మీరు ఇచ్చారా?

హంటర్‌రోడ్_సార్:
ఆ ఫారమే మీ వాళ్లు పట్టుకుపోయారు! నా చేతిలో కాపీ కూడా ఉంచలేదు. కొన్నది ఎవరో పేరే చెప్పకపోతే ఎవరికి అమ్మానని రాసివ్వాలి? ఆ కారు రేపు ఎవరినైనా గుద్దితే కోర్టు నన్నే పిలుస్తుంది. 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో అదే చెప్పింది. బండి చేతులు మారుతూ పోయింది, ఆర్‌సీ మాత్రం మొదటాయన పేరు మీదే ఉంది. ఎవరి పేరు మీద రిజిస్టర్ అయి ఉందో ఆయనే ఓనర్, పరిహారం ఆయనదే బాధ్యత అంది. నేను రిటైరైన మనిషిని. ఆ చలాన్ మెసేజ్ వచ్చిన ప్రతిసారీ గుండె ఆగినంత పని అవుతుంది, ఈసారి యాక్సిడెంటేమోనని.

పరకాల మెకానిక్:
సార్ బాధలో నిజం ఉంది. మా షెడ్డుకు వచ్చే బండ్లలో నడిపేటాయన పేరు ఒకటి, ఆర్‌సీలో పేరు ఒకటి ఉన్నవి మస్తు చూస్తా.

కాజీపేట72:
సార్, మీ బాధ నాకు అర్థమైంది. చలాన్ల సంగతి నిజంగా అన్యాయమే. కానీ మా వైపు కూడా చూడండి. నేను ఒక బండి కొని నా పేరు మీదకు మార్చుకుంటే, అమ్మేటప్పుడు మళ్లీ ఇంకోసారి మార్చాలి. రెండుసార్లు ఫీజు, రెండుసార్లు ఆర్‌టీఏలో స్లాట్. అది పోనీయండి. ఫస్ట్ ఓనర్ దగ్గర కొన్న బండి నా చేయి పడగానే సెకండ్ ఓనర్ బండి అవుతది, కొన్నాయన థర్డ్ ఓనర్ అవుతాడు. థర్డ్ ఓనర్ అనగానే జనం ముఖం తిప్పుకుంటారు, రేటు ఇరవై కాదు, ముప్పై, నలభై వేలు పడిపోతది. ఫారాలు ఖాళీగా పెట్టమని అడిగేది మేం కాదు, కొనేవాళ్లే. ఇక్కడ సంవత్సరం గురించి కొట్లాడేవాళ్లు కూడా రేపు "సింగిల్ ఓనర్ బండేనా?" అని అడుగుతారు.

జ్యోతి_జమ్మికుంట:
ఇది విలువైన మాట. కానీ సింగిల్ ఓనర్ అని రాసి ఉన్నంత మాత్రాన ఆ కారును ఒక్కరే వాడినట్టు కాదు కదా. భీమారం తమ్ముడికి చూపించిందే సాక్ష్యం. ఇద్దరు వాడిన కారును ఒక్కరిదని అమ్ముతున్నారు. సంవత్సరం నాలుగు నెలలు అటూ ఇటూ అయితే కొన్ని వేలు. ఇక్కడ దాచింది ఒక మనిషినే.
పైగా మీరు చెప్పిన ఇబ్బంది తీర్చడానికే కేంద్రం 2022 డిసెంబరులో రూల్స్ మార్చింది, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు. పాత బండ్ల డీలరు రవాణా శాఖ దగ్గర ఆథరైజేషన్ తీసుకోవాలి. బండి తన చేతికి వచ్చిందని ఓనర్‌తో కలిసి ఫారం 29సి ఆన్‌లైన్‌లో ఇవ్వాలి. అక్కడినుంచి మళ్లీ అమ్మేదాకా బాధ్యత డీలరుదే. పేరు మార్చుకోకుండానే సార్ లాంటి వాళ్లు బయటపడే దారి అది. మీరు ఆ ఆథరైజేషన్ తీసుకున్నారా అన్నా?

కాజీపేట72:
తీసుకోలేదు చెల్లె. మా లైన్‌లో తీసుకున్నవాళ్లు నాకు తెలియదు. కనుక్కుంటా. కానీ ఒక్కటి, బాధ్యత అంతా నా నెత్తిన వేసి, నా దగ్గర కొన్నాయన ఆరు నెలలు ట్రాన్స్‌ఫర్ చేసుకోకపోతే నేనేం చేయాలి? ఆయన్ను కూడా ఎవరన్నా అడగాలి కదా.

హంటర్‌రోడ్_సార్:
తాళం ఇచ్చే ముందు ట్రాన్స్‌ఫర్ దరఖాస్తు పెట్టించండి. డబ్బు మొత్తం తీసుకున్నాక తాళం ఇస్తున్నారు కదా, దానితోపాటు ఇది కూడా ఒక షరతు. అది మీ చేతిలోనే ఉంది. నా చేతిలో లేదు.

కొత్తబండి_భీమారం:
అందరికీ థ్యాంక్స్. ఇప్పుడే కన్సల్టెన్సీ ఆయనకు ఫోన్ చేశా. మొదటి ఓనర్ నంబరు అడిగితే ముందు ఇవ్వలేదు, అడ్వాన్స్ ఇవ్వనంటే ఇచ్చాడు. ఆయనతో మాట్లాడా. లోన్ ఎప్పుడో తీరిపోయిందట, ఎన్‌ఓసీ తీసుకోలేదట. బండి తన పేరు మీదే ఉందని విని ఆయనే భయపడ్డాడు, రెండో ఆయన మార్చుకున్నాడనుకున్నాడట. బ్యాంకుకు వస్తానన్నాడు. ఫారం 35 అయ్యాక, నా పేరు మీద స్లాట్ బుక్ చేసి, ఆయన నా ముందు సంతకం పెట్టాక మిగతా పైసలు ఇస్తా. నెట్‌లో చూస్తే బండి మీద మూడు చలాన్లు పెండింగ్ ఉన్నాయి, అవి ఎవరు కట్టాలో అది కూడా తేలాలి. రేటు ఇంకా తెగలేదు.

పరకాల మెకానిక్:
స్టెప్నీ టైరు కూడా చూడు తమ్మీ. పక్కన నాలుగు అంకెలు ఉంటయి, మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. ముందు నాలుగు టైర్లు మార్చినా స్టెప్నీ చాలాసార్లు పాతదే ఉంటది. 17 తో ముగిస్తే ఆర్‌సీ మాట నిజమని ఇంకో సాక్ష్యం.

కాజీపేట72:
పేపర్ల విషయంలో మీరు చెప్పింది ఒప్పుకుంటున్నా. చలాన్లు అమ్మేవాళ్లే కట్టాలి, గట్టిగా అడుగు. రేటు విషయంలో మాత్రం నా మాట మారదు తమ్మీ, అది 2018 బండే.

హంటర్‌రోడ్_సార్:
2017. ఆ ఇరవై వేలు వదలొద్దు బాబూ. ఆ మొదటి ఓనర్‌తో సంతకం పక్కన తేదీ, మీ పేరు ఆయన చేత్తోనే రాయించండి. ఒక జిరాక్సు ఆయనకూ ఇవ్వండి.