పది నెలలుగా అమ్ముడుపోని ఫ్లాట్, ఎంతకు అడగాలి?

ప్రశ్న: నాచారం_వేట
హైదరాబాద్ నాచారంలో రీసేల్ డబుల్ బెడ్‌రూమ్ చూశాం. 1,150 చదరపు అడుగులు, 14 ఏళ్ల భవనం, నాలుగో అంతస్తు, పైన టెర్రసే. యూడీఎస్ (స్థలంలో ఫ్లాట్‌కు వచ్చే వాటా) 45 గజాలు, ఆ వీధిలో గజం లక్ష దాకా చెబుతున్నారు. ఓనరు 78 లక్షలంటున్నారు, పది నెలలుగా బేరం తెగలేదు. మొదటి మాట ఎంత చెప్పాలి? మరీ తక్కువ అడిగితే ముఖం తిప్పుకుంటారేమో.

జవాబు: ఈసీ_ముందు
78 నుంచి కిందికి లెక్కపెట్టకండి, అది ఆయన ఆశ. రిజిస్ట్రేషన్ శాఖ ఐజీఆర్‌ఎస్ సైట్లో ఆ అపార్ట్‌మెంట్ ఈసీ (పాత అమ్మకాలు, తనఖాల వివరాల పత్రం) తీయండి. ప్రతి సేల్ డీడ్ దగ్గర మార్కెట్ వాల్యూ (ప్రభుత్వం కట్టిన విలువ), కన్సిడరేషన్ వాల్యూ (డీడ్‌లో రాసిన ధర) రెండూ ఉంటాయి. కొంత నగదుగా చేతులు మారిన చోట ఆ రెండో అంకె తక్కువ కనిపిస్తుంది, అందుకే వాచ్‌మన్‌నీ అసోసియేషన్ సెక్రటరీనీ కూడా కదపండి. ఎందుకు అమ్ముడుపోలేదో తేలకుండా రేటు మాట్లాడొద్దు. బ్యాంకు తనఖా మిగిలి ఉంటే బేరానికి పనికొస్తుంది. టైటిల్లో తేడా ఉంటే మాత్రం ఎంత తగ్గించినా వద్దండీ.

జవాబు: సైట్_ఇంజినీర్
స్థలం, కట్టడం విడదీయండి. 45 గజాలకు 45 లక్షలు. కట్టడం అడుగుకు 2,200 వేసుకుంటే 25.3 లక్షలు, 50 ఏళ్ల ఆయుష్షులో 14 పోగా 18.2. మొత్తం 63 లక్షల చిల్లర. రంగులు, పాత ఫిటింగులు ఆ తరుగులోనే పోయాయి, మళ్లీ కోయకండి. లీకేజీ వేరు. బాత్‌రూమ్ గోడ అవతలి వైపు నేల నుంచి అడుగు ఎత్తు వరకు చేత్తో తడమండి. పెయింట్ పొక్కి పొడి రాలితే టైల్స్ ఊడదీసి వాటర్‌ప్రూఫింగ్ చేయాల్సిందే. టెర్రస్ కింద సీలింగ్ కూడా చూడండి. కాంట్రాక్టర్ కొటేషన్ ఓనరు ముందు పెడితే 61 అడిగినా ఆయనకు అవమానంగా ఉండదు. 67 దాటొద్దు.

జవాబు: డాక్యుమెంట్_లెక్క
ప్రభుత్వ విలువ కూడా చూసుకోండి. అది 70 ఉండి మీరు 62కి కొంటే తేడా 8 లక్షలు, 62లో పది శాతం కన్నా ఎక్కువ. ఆ 8 లక్షలూ మీ ఆదాయం కింద పన్నులోకి వస్తాయి, అమ్మేవారికి కూడా 70 మీదే లెక్క కడతారు. రిజిస్ట్రేషన్ 7.5 శాతం కూడా 70 మీదే. 50 లక్షలు, ఆపైన అయితే 1 శాతం టీడీఎస్ (ఓనరు తరఫు పన్ను) ఆయనకిచ్చే డబ్బులోంచి మీరే పట్టుకుని కట్టాలి. ఓనరు ఎన్నారై అయితే ఆ లెక్కే వేరు, ఆడిటర్ని అడగకుండా బయానా ఇవ్వొద్దు. లోన్ శాంక్షన్ లెటర్ చేతిలో పెట్టుకుని, ఫలానా తేదీకి రిజిస్ట్రేషన్ అని చెప్పి అడగండి. ఇన్నాళ్లు ఆగిన ఓనరు రెండు లక్షలు దిగేది ఆ తేదీని చూసే.