పచ్చకళ్ల భూతం: ఈర్ష్యా, అసూయా, రోషమా?

షేక్‌స్పియర్ నాటకం ఒథెల్లో మూడో అంకం మూడో రంగంలో, ఒథెల్లోకి భార్యమీద అనుమానం రేపే ఇయాగో మాట సగమే గుర్తొస్తోంది. జెలసీ పచ్చకళ్ల భూతం, అది తాను తినే మాంసాన్నే... ఆపైన ‘మాక్’ (ఎగతాళి చేస్తుంది) అనా, ‘మేక్’ (పుట్టిస్తుంది) అనా? రెండూ చూశాను. ఇంకోటి, ఇక్కడ జెలసీని ‘అసూయ’ అంటే నాకు మనసొప్పడం లేదు. ఏమంటే సరిపోతుంది?

—

‘మాక్’ అండీ. నాటకం తొలి ముద్రణలు రెండింటిలోనూ, అంటే 1622 క్వార్టోలోనూ 1623 ఫోలియోలోనూ అదే. ‘మేక్’ తర్వాతి శతాబ్దంలో హాన్మర్ అనే సంపాదకుడు చేసిన దిద్దుబాటు. పిల్లి ఎలుకను ఆడించి ఆడించి తింటుంది చూడండి, అదీ ఇక్కడి ‘మాక్’.

—

దిద్దుబాటని అంత తేలిగ్గా తోసెయ్యకండి మాస్టారూ. మరుసటి రంగంలోనే ఇయాగో భార్య ఎమీలియా, జెలసీ తనకు తానే పుట్టుకొచ్చే భూతం అంటుంది. తన మేతను తానే పుట్టించుకుంటుందన్న భావం అక్కడ స్పష్టంగా ఉంది. తేడా ఒక్క అచ్చే కదా.

—

అసూయ కాదన్నది నిజం. సంస్కృత నిఘంటువు అమరం చూడండి: ‘అక్షాంతిరీర్ష్యా, అసూయా తు దోషారోపో గుణేష్వపి’. ఓర్వలేకపోతే ఈర్ష్య, గుణంలోనూ తప్పు పడితే అసూయ. గీత తొమ్మిదో అధ్యాయం మొదట్లో ‘అనసూయవే’ (అసూయ లేని నీకు) అన్నది ఈ అర్థంలోనే.

—

అయితే అసలైన అసూయాపరుడు ఇయాగోనే! ఒథెల్లో భార్య డెస్డిమోనా మంచితనాన్నే తారుగా మార్చేస్తానని రెండో అంకంలో అంటాడు. గుణంలో దోషారోపం అంటే ఇంకేమిటి? ఒథెల్లో కింది అధికారి కాసియో బతుకులోని అందం తనను వికారంగా చూపిస్తోందని అయిదో అంకంలో అనేది మాత్రం ఎన్వీ. ఒథెల్లోది జెలసీ.

—

అనువదించేవాళ్లు ముందు మనుషుల్ని లెక్కపెట్టాలి. ఎన్వీకి ఇద్దరు చాలు: ఎదుటివాడికున్నది నాకు లేదు. జెలసీకి మామూలుగా మూడోవాడు కావాలి: నాకున్నది వాడు పట్టుకుపోతాడు. అందుకే ఉన్నదాన్ని కంటికి రెప్పలా కాచుకోవడాన్ని ‘జెలస్‌లీ గార్డ్’ అంటారు గానీ అక్కడ ‘ఎన్వియస్‌లీ’ కుదరదు. చిక్కెక్కడంటే, నేటి ఇంగ్లీషులో స్నేహితుడి కొత్త ఇల్లు చూసి కూడా ‘ఐయామ్ జెలస్’ అనేస్తారు. జెలసీ ఎన్వీ చోటులోకి వచ్చేసింది. ఎన్వీ మాత్రం జెలసీ చోటులోకి వెళ్లలేదు. కాబట్టి మాటను చూసి కాదు, సందర్భం చూసి తెలుగు చెయ్యాలి.

తెలుగు బైబిలు ఈ పని ఎప్పుడో చేసింది. నిర్గమకాండం 20:5లో ‘రోషముగల దేవుడను’, సామెతలు 6:34లో ‘భర్తకు పుట్టు రోషము’: రెండుచోట్లా ఇంగ్లీషులో జెలసీయే. సామెతలు 14:30లో ఎన్వీకి ‘మత్సరము ఎముకలకు కుళ్లు’. ఓర్వలేనివాణ్ణి ‘కుళ్లుబోతు’ అని తిట్టే మన జాతికి ఇంతకన్నా మంచి అనువాదం ఉంటుందా!

—

రోషం బాగుంది గానీ ఒథెల్లోకి చాలదు, అందులో అనుమానం రాదు. అలంకారికుల ‘ఈర్ష్యామానం’ (ప్రియుడు మరొకరివైపు మొగ్గాడని నాయిక పడే అలక) వదిలేసి ఎక్కడెక్కడో వెతుకుతున్నారేమిటి? పారిజాతాపహరణంలో, పారిజాతం రుక్మిణికి చేరిందని వినగానే తిమ్మన సత్యభామ ‘వ్రేటువడ్డ యురగాంగనయుంబలె’, దెబ్బతిన్న ఆడపాములా లేస్తుంది. వెంటనే ‘నేయి వోయ భగ్గున’, నెయ్యి పోసిన మంటలా. ఆ ‘భగ్గున’ దగ్గర గొంతు ఎత్తకుండా చదవగలరా ఎవరైనా? ఆమెకు కావలసింది పువ్వయితే అది ఎన్వీ. పువ్వు వెనక కృష్ణుడి మనసు కాబట్టే జెలసీ.

—

పువ్వు కూడా కావాలండీ, లేకపోతే చెట్టునే పెరట్లో నాటించుకోదు! రెండూ కలిసే ఉన్నాయి ఆమెలో. తిమ్మన గొప్పతనమే అది.

—

కళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎన్వీకి మూలమైన లాటిన్ ‘ఇన్విదియా’లో ఉన్నది చూపే, చెడుచూపు. మనకూ ఎదుటివాడి బాగు చూస్తే కళ్లు కుడతాయి. జెలసీ గ్రీకు ‘జీలోస్’ నుంచి, అంటే ‘జీల్’ (ఉత్సాహం)కి తోబుట్టువు, దానికి కంటితో పనిలేదు. మరి షేక్‌స్పియర్ పచ్చకళ్లు జెలసీకెందుకు పెట్టినట్టు? వెనిస్ వర్తకుడులో పోర్షియా చేత కూడా ‘పచ్చకళ్ల జెలసీ’ అనే అనిపించాడు.

—

పెట్టింది పిల్లి కళ్లు. అందుకే ‘మాక్’ అంటున్నాను.

—

‘మేక్’ అన్నా పిల్లి ఎక్కడికీ పోదు మాస్టారూ. ఎమీలియా మాటకు మీ జవాబేదీ?