‘అనుకరణే తు సర్వేషామ్’: స్పూఫ్ సినిమాలో తప్పు ఎవరి తప్పు?

ప్రశ్న:

పెద్దలకు నమస్కారం. ‘హాట్ షాట్స్! పార్ట్ డ్యూ’ అనే ఇంగ్లీషు స్పూఫ్ (వేరే సినిమాలని అనుకరిస్తూ ఆటపట్టించే సినిమా) మీద మా ఇంట్లో వాదన నడుస్తోంది. హీరో అంతసేపు కాలుస్తుంటే తూటాలు అయిపోవేంటి, అంత ఖర్చు పెట్టి ఈ మాత్రం చూసుకోలేదా అని మా అల్లుడు. కావాలనే అలా తీశారని నేను. తప్పులా కనిపించే ఇలాంటి హాస్యం గురించి మన అలంకారశాస్త్రంలో ఎవరైనా ఏమైనా చెప్పారా?

జవాబు:

చెప్పారు మాస్టారూ, సూటిగానే చెప్పారు. మమ్మటుడు రాసిన అలంకారశాస్త్ర గ్రంథం కావ్యప్రకాశంలో ఏడో ఉల్లాసమంతా, అంటే ఏడో అధ్యాయమంతా, కావ్యదోషాల చిట్టా. శ్రుతికటువు, చ్యుతసంస్కృతి, అప్రయుక్తం అంటూ ఓపిగ్గా ఏకరువు పెట్టినాయన ఒకచోట ఈ మాట అంటాడు:

‘ఖ్యాతేఽర్థే నిర్హేతోరదుష్టతాఽనుకరణే తు సర్వేషామ్’

అందరికీ తెలిసిన సంగతైతే కారణం చెప్పకపోవడం దోషం కాదు. అనుకరణలోనైతే ఏ దోషమూ దోషం కాదు. పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో కూర్చుని స్పూఫ్ తీసేవాళ్ళకి లైసెన్సు రాసిచ్చాడు మహానుభావుడు.

ఆయన ఇచ్చిన ఉదాహరణ ఇంకా బాగుంటుంది. ‘పశ్యైష చ గవిత్యాహ’. ‘గౌః’ (ఆవు) అనాల్సినవాడు విభక్తి మింగేసి ‘గో’ అంటున్నాడు చూడు, అని (‘గో’ పక్కన ‘ఇతి’ చేరితే సంధిలో ‘గవితి’ అవుతుంది). శ్లోకంలో వ్యాకరణదోషం ఉన్నమాట నిజమే, కానీ అది కవి ఖాతాలో పడదు, అన్నవాడి ఖాతాలో పడుతుంది. అలా పడేలా చేసింది అందులో దాక్కున్న ‘ఇతి’. మన ‘అని’. “వాడు సిగ్నల్‌ని సింగల్ అన్నాడు” అని మీరు చెబితే మీ ఉచ్చారణ ఎవరూ దిద్దరు కదా!

కాబట్టి సినిమాలో ‘ఇతి’ ఎక్కడుందో వెతకాలి. మీరన్న సినిమా జిమ్ ఏబ్రహమ్స్ 1993లో రాంబో తరహా సినిమాల మీద తీసింది. చార్లీ షీన్ మెషిన్ గన్ ఆపకుండా కాలుస్తుంటే ఖాళీ తూటా గొట్టాలు ఆయన చుట్టూ గుట్టగా పేరుకుపోతాయి. మామూలు యాక్షన్ సినిమాలో కెమెరా ఆ గొట్టాల జోలికి పోదు, పోతే మనం లెక్కపెడతామని భయం. ఇక్కడ ఆ గుట్టనే చూపిస్తారు. చచ్చినవాళ్ళ లెక్క తెర మీద అంకెల్లో పెరుగుతూ ఉంటుంది. ఇంకోచోట బాణాలైపోతే కోడిని ఎక్కుపెట్టి వదులుతాడు. ఆ గుట్ట, ఆ అంకెలు, ఆ కోడి, మూడూ ‘ఇతి’ చేసే పనే చేస్తున్నాయి. ‘హీరో తూటాలు అయిపోవు’ అని ఆ సినిమాలు అంటున్నాయి, చూడండి అని వేలు పెట్టి చూపిస్తున్నాయి. మీ అల్లుడుగారికి కనిపించిన తప్పు ఉన్నమాట వాస్తవమే, దానికి బాధ్యులు మాత్రం రాంబో తరహా సినిమాలు తీసినవాళ్ళు.

ఇక పద్యంలో ఆ ‘ఖ్యాతే’ (అందరికీ తెలిసినదైతే) అన్న ముక్కని మనం తొందరగా దాటేస్తాం. అసలు చిక్కంతా అక్కడే. 1980లో వచ్చిన ‘ఎయిర్‌ప్లేన్!’ చూడండి. తెర మీద కనిపించేది జెట్ విమానం, వినిపించేది ప్రొపెల్లర్ మోత. సౌండ్ విభాగంవాళ్ళు నిద్రపోయారనుకోవడం తేలిక. సంగతేమిటంటే, అది ‘జీరో అవర్!’ అనే 1957 నాటి గంభీరమైన సినిమాకి పేరడీ. దాని హక్కులు కూడా కొనుక్కుని తీశారు. ఆ పాత సినిమాలో ఉన్నది ప్రొపెల్లర్ విమానం. దర్శకులు అదే కావాలన్నారు, స్టూడియో జెట్టే ఉండాలని పట్టుబట్టింది. సరే, బొమ్మ మీది, మోత మాది అన్నట్టు సినిమా పొడవునా ప్రొపెల్లర్ శబ్దమే వాడేశారు. ఇప్పుడు ‘జీరో అవర్!’ చూసినవాళ్ళు ఎంతమంది? మూలం ఖ్యాతం కాకపోతే అనుకరణ కూడా తప్పులాగే వినిపిస్తుంది.

సందేహం:

అయితే అండీ, ఏ పొరపాటు దొర్లినా ‘అది స్పూఫ్ అమ్మా’ అని తప్పించుకోవచ్చన్నమాట! సగం తాగిన టీ గ్లాసు తర్వాతి షాట్లో నిండుగా ఉంటే అదీ జోకేనా?

జవాబు:

కాదమ్మా. మమ్మటుడు ‘అనుకరణే’ (అనుకరణలో) అన్నాడు, ‘హాస్యే’ (హాస్యంలో) అనలేదు. నిండిన గ్లాసు ఎవరిని అనుకరిస్తోందో చెప్పలేకపోతే అది దోషమే, ఎడిటర్‌కి అక్షింతలు పడాల్సిందే. అదే గ్లాసు ప్రతి షాట్లోనూ పెద్దదవుతూ పోయి చివరికి బిందె అయితే అప్పుడు మాట్లాడుకుందాం.

ఆ పద్యం రెండో సగం కూడా చూడండి: ‘వక్త్రాద్యౌచిత్యవశాద్దోషోఽపి గుణః క్వచిత్క్వచిన్నోభౌ’. చెప్పేవాడు, సందర్భం లాంటివాటి ఔచిత్యాన్ని బట్టి ఒక్కోచోట దోషమే గుణమవుతుంది, ఒక్కోచోట రెండూ కాదు. దోషం గుణమవడానికి నాకిష్టమైన ఉదాహరణ 1982 నాటి టీవీ సీరియల్ ‘పొలీస్ స్క్వాడ్!’. ఆరే ఎపిసోడ్లు. అప్పటి సీరియళ్ళలో చివర అందరూ నవ్వుతుండగా బొమ్మ ఆగిపోయేది. ఇందులో బొమ్మ ఆగదు, నటులే బిగుసుకుని నిలబడతారు. ఒకడు కప్పులో కాఫీ పోస్తూ బిగుసుకుంటే కాఫీ మాత్రం ధార కడుతూనే ఉంటుంది. సాంకేతికంగా చూస్తే ఫ్రీజ్ కుదరలేదు. కుదిరుంటే నవ్వే లేదు.

దోషమూ గుణమూ రెండూ కానివి ఎక్కువగా సీన్లో నటుల వెనకాల, నేపథ్యంలో జరిగేవి. వాటిని నేను వదిలేస్తాను, మీరూ వదిలేయండి.

ఇంకో సభ్యుడి మాట:

మన ‘సుడిగాడు’ (2012) ఇక్కడ పనికొస్తుంది. అది ‘తమిళ్ పడం’ (2010) రీమేక్. మామూలు రీమేక్‌లో కథ తెచ్చుకుంటే సరిపోతుంది. స్పూఫ్‌లో అలా కుదరదు. తమిళ హీరోల మీద వేసిన ఎత్తిపొడుపులు తీసేసి, మన హీరోల సినిమాల మీద కొత్తగా రాసుకోవాల్సి వచ్చింది. చెన్నైలో ఖ్యాతమైంది విజయవాడలో ఖ్యాతం కాదు. అవే సీన్లు డబ్బింగ్ చేసి వదిలుంటే మన ప్రేక్షకుడు “ఇదేంటి, ఇలా తీశాడు?” అనేవాడు.