ఫోనా, కెమెరానా: మన మాట వినేది ఏది?

సాయంకాలం: బతుకమ్మకు ఊరెళ్తున్నా. రాత్రిపూట ఆడేవాళ్ళను తీయాలి. నా ఫోనులో ప్రో మోడ్ (సెట్టింగులు మనమే మార్చుకునేది) ఉంది. అయినా సెకండ్‌హ్యాండ్ కెమెరా కొనమంటారా?

లెన్సుమామ: కొనండి. 18 ఏళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తున్నా. తలంబ్రాలు గాల్లో ఆగినట్టుండాలంటే షట్టర్ సెకనులో 1/500 వంతు, గీతల్లా జారాలంటే 1/30. ఏది కావాలో నిర్ణయించేది నేను. వెలుతురు పట్టే సెన్సర్ ఫుల్‌ఫ్రేమ్ కెమెరాల్లో 36 x 24 మి.మీ. ఫోన్లలో గొప్పగా చెప్పుకునే అంగుళం సెన్సర్ 13.2 x 8.8. వైశాల్యంలో ఏడో వంతు కూడా లేదు. చాలా ఫోన్లకు అపర్చరే, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రమే, మారదు.

పల్లెచిలక: మారేవీ ఉన్నాయన్నా. 2018లోనే గెలాక్సీ ఎస్9లో ఎఫ్1.5 (పెద్ద రంధ్రం), ఎఫ్2.4 (చిన్నది) రెండూ ఇచ్చారు. ఇప్పుడు రా ఫైలూ, అంటే ఫోను మెరుగులు దిద్దని ఫొటో, వస్తోంది.

లెన్సుమామ: అంత చిన్న సెన్సర్ మీద ఆ రెంటికీ వెనకాల మసకలో తేడా ఏపాటి? ఇక వెనకాల మసక చేసే పోర్ట్రెయిట్ మోడ్ అయితే జడలో మల్లెపూలు సగం చెరిపేస్తుంది.

కొండగాలి: నిజమే. మా పాప జుట్టు అంచులూ అంతే.

పల్లెచిలక: ఆ మోడ్ వాడమని నేనన్నానా? మల్లెపూలు పట్టుకుని వేలాడుతున్నారు.

లెన్సుమామ: వేలాడతా. మొన్న ఒక పెళ్ళివారు ‘మా మేనల్లుడి దగ్గర మంచి ఫోనుంది’ అని సంగీత్‌కు ఇచ్చిన అడ్వాన్సు వెనక్కి అడిగారు. ఇలాంటి మాటలు విని విని మా పనికి విలువ లేకుండా పోయింది.

పల్లెచిలక: అయితే నా మాటా వినండి. మా అక్కది చామనఛాయ. పెళ్ళి ఆల్బమ్‌లో సున్నం కొట్టినట్టుంది. అడిగితే ఆ ఫొటోగ్రాఫర్ ‘అందరూ ఇలాగే కావాలంటారమ్మా’ అన్నాడు. ఖరీదైన కెమెరా, అన్నీ మాన్యువల్. మా అక్క మొహం మీద హక్కు ఎవరిది?

కొండగాలి: ఫోన్లూ అడక్కుండానే నునుపు చేస్తాయిగా.

పల్లెచిలక: చేస్తాయి. అందుకే బ్యూటీ ఆపేసి, రాలో తీసి, మా నాయనమ్మ రంగు ఆమెకే ఉంచా. ఫోనుతో తీసిందని ఒక ఫొటోగ్రఫీ గ్రూపులో ఆ ఫొటో తీసేశారు. బొమ్మ ఎలా ఉందో ఒక్కరూ అనలేదు. నా బాధ అది, సెన్సర్ కొలతలు కాదు.

లెన్సుమామ: చెల్లీ, తెల్లగా చేయడం నేనూ చేశా. కాదంటే మిగతా డబ్బు ఆపేస్తారని భయం. మీ అక్క విషయంలో మీదే న్యాయం. మల్లెపూల విషయంలో ఒప్పుకోను.

సాయంకాలం గారూ, నైట్ మోడ్ వరుసగా తీసిన ఫ్రేములు కలుపుతుంది. చప్పట్లు కొట్టే చేతులు అక్కడే చెదురుతాయి. కొంటే 50 ఎం.ఎం. ఎఫ్1.8 లెన్సుతో కొనండి. షట్టర్ 1/250 పెట్టి, ఫొటో వెలుతురు పెంచే ఐఎస్ఓ పెంచండి. గ్రెయిన్ (చుక్కలు) వస్తే రానివ్వండి.